గోదావరి పాత వంతెన

రాజమహేంద్రవరమునకును కొవ్వూరునకును నడుమ గోదావరిపై నిలిచియున్న మొదటి రైలు వంతెనపై 1997లో రైళ్లు నిలిచిపోయినవి. 2025లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి పథకమున దీనిని విహారస్థానముగా తీర్చిదిద్ద సంకల్పించినారు. సంకల్పము మంచిదే. కాని అచ్చటికి వచ్చు జనులకు ఎవరి చరిత్ర చెప్పబడును? మా ప్రశ్న ఇదియే.

బెజవాడ కడ కృష్ణపై 1893లోనే రైలు వంతెన వెలసినది. గోదావరి మాత్రము తూర్పుతీరపు రైలుమార్గమును రెండుగా ఖండించుచుండెను. ప్రయాణికులు ఒక గట్టున బండి దిగి, పడవలపై నది దాటి, ఆవలిగట్టున మరల బండి ఎక్కవలసి వచ్చెడిది. 1897 నవంబరులో వంతెన పని మొదలైనది. కాశి కడ గంగపై వంతెన కట్టిన వాల్టన్ దొర దీనికిని ఇంజనీరు. ఒక్కొక్కటి 150 అడుగుల చొప్పున 56 అంకణములు గల ఈ నిర్మాణము మూడేండ్లు నిండకయే ముగిసి, 1900 ఆగష్టు 30వ తేదీన రాకపోకలకు తెరువబడినది. ఆ నేర్పును మేము కాదనము. నాటి మద్రాసు గవర్నరు హేవలాకు పేరు దానికి పెట్టినారు.

అయితే ధన మెవ్వరిది? అది ప్రభుత్వపు రైలుమార్గము. ఆ ప్రభుత్వపు బొక్కసమును నింపిన రాబడులలో పెద్దది రైతు చెల్లించిన భూమిశిస్తు. 1896-97లోను, మరల 1899-1900లోను దేశమున క్షామము తాండవించినది. రైళ్లకంటె ముందు నీటివనరులకు ధనము వెచ్చింపుడని రమేశచంద్రదత్తుగారు మొరపెట్టినారు. 1852లో ధవళేశ్వరము ఆనకట్టను ముగించిన కాటన్ దొరయే రైలుకంటె జలమార్గములు మేలని వాదించినాడు. టాటావారి కర్మాగారమున ఉక్కు దిగుట 1912నాటి మాట. అంతకుముందు ఇట్టి దూలములకు మనము పరదేశముల మీదనే ఆధారపడవలసి వచ్చినది. వంతెనవలన మనకు మేలు కలుగలేదని అనజాలము. మేలు కలిగినది, దాని వెలయును మనమే చెల్లించితిమి.

నదీగర్భమున పునాదులు దింపినవారు, రాళ్లు మోసినవారు, వరదకు ఎదురొడ్డి స్తంభములు లేపినవారు వేలాది కూలీలు. గవర్నరు పేరు లోకమునకు తెలియును. వీరి పేరు ఒక్కటియు తెలియదు.

పేరు మార్పుడని మేము కోరము. చరిత్రను చెరిపివేయుటవలన గౌరవము రాదు. వంతెనను తుప్పు పాలు గానీయక కాపాడుడు; దానిపై తెలుగున శిలాఫలకము నిలిపి, పన్ను కట్టిన రైతును, చెమటోడ్చిన కూలీని అందు స్మరింపుడు. 1974లో కట్టిన వంతెనయు, తరువాతి విల్లు వంతెనయు నేడు రైళ్లను మోయుచున్నవి. ఇక ఈ వృద్ధ సేతువు మోయవలసినది జ్ఞాపకమును మాత్రమే. అది సంపూర్ణమైన జ్ఞాపకమై యుండవలెను.