పంచదార గిన్నెలో ఫుట్‌బాల్!

చెరకు బళ్ళూ, ఫ్యాక్టరీ గొట్టంలోంచి పొగా... ఉయ్యూరు వాళ్ళకి వీటి గురించి ఒకరు చెప్పాలా! కానీ చెరకు పండే నేల పేరు చెప్పుకుని ఓ ఫుట్‌బాల్ పోటీ జరుగుతుందంటే? అవును, అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో జరుగుతుంది. పేరు షుగర్ బౌల్, అంటే పంచదార గిన్నె! 1935లో మొదలైంది. మయామీలో ఆరెంజ్ బౌల్, డాలస్ ప్రాంతంలో కాటన్ బౌల్... ఎక్కడి పంట అక్కడి పోటీకి పేరు. గిన్నె ఆకారంలో కట్టిన స్టేడియాల వల్ల 'బౌల్' అన్న మాట స్థిరపడిపోయింది.

అక్కడి విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ సీజను డిసెంబరు మొదట్లో ముగుస్తుంది. బాగా ఆడిన జట్లను వెచ్చటి ఊళ్ళు పిలుస్తాయి. హోటళ్ళు నిండుతాయి, బ్యాండు మేళాలు మోగుతాయి. పంటలు ఇంటికొచ్చాక మాఘంలో వీరమ్మ తల్లి తిరునాళ్ళ జరిగినట్టే అనుకోండి! సముద్రం దాటి వెళ్ళినవీ ఉన్నాయి. 1937 జనవరి 1న క్యూబా రాజధాని హవానాలో ఆబర్న్, విల్లనోవా జట్లు తలపడి 7-7తో సరిసమానంగా ముగించాయి. ఆ పోటీకి బకార్డీ అనే రమ్ కంపెనీ పేరు. రమ్ముకీ మూలం చెరకే మరి!

ఇంతా చేసి, వీటిలో చాలావాటితో ఛాంపియన్ ఎవరో తేలదు. మరెందుకంత ఆరాటం? కాలేజీ ఆటగాళ్ళలో వృత్తిగా ఆడేదాకా వెళ్ళేది నూటికి ఇద్దరు కూడా ఉండరు. చదువు ముగిసే కుర్రాడికి అదే ఆఖరి ఆట!

అందుకు సాక్ష్యం 2014 డిసెంబరు 24న బహమాస్ దీవుల్లోని నాసోలో జరిగిన బహమాస్ బౌల్. ఈ ఆటలో కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసిరో, చంకన పెట్టుకుని పరిగెత్తో అవతలి గీత దాటించాలి. దాటిస్తే 6 పాయింట్లు. ఆపైన బంతిని తన్ని ఒకటి తెచ్చుకోవచ్చు, మళ్ళీ గీత దాటించి రెండు తెచ్చుకోవచ్చు.

మంచు కురిసే మిషిగన్ నుంచి వచ్చిన సెంట్రల్ మిషిగన్ జట్టు చివరి పావు మొదలయ్యేసరికి 14-49తో వెనకబడింది. ఎదురుగా వెస్టర్న్ కెంటకీ. ఇంకెవరైనా అయితే సంచి సర్దుకునేవారే! వీళ్ళు సర్దలేదు. ఒకటి తర్వాత ఒకటి... 42 దాకా వచ్చారు. మిగిలింది ఒక్క సెకను, దాటాల్సింది 75 గజాలు. కూపర్ రష్ విసిరిన బంతి ఒకరి చేతిలోంచి ఇంకొకరికి, అక్కడినుంచి మరొకరికి, చివరికి టైటస్ డేవిస్‌కి చేరింది. అతను గీత మీదికి దూకేశాడు. 48-49!

ఒక్క పాయింటు చాలు, అదనపు సమయం దొరుకుతుంది. కానీ కోచ్ రెండుకే మొగ్గాడు. బంతి చేజారింది. ఓడిపోయారు.

ట్రోఫీ కెంటకీకి వెళ్ళింది. కానీ ఆ ఆట పేరెత్తితే జనం ముందు చెప్పుకునేది ఓడినవాళ్ళ గురించే!