సుంగై పెటాని ఫార్మసీలు: ప్రాతినిధ్యం ఎవరిది, ఎంతవరకు?

మలేసియాలో మందుల షాపు లైసెన్సు దుకాణం పేరు మీద కాక ఫార్మసిస్టు పేరు మీద ఉంటుంది. 1952 నాటి పాయిజన్స్ చట్టం కింద ఇచ్చే ఈ ‘టైప్ ఏ’ లైసెన్సుకు ఏటా డిసెంబరు 31తో గడువు తీరుతుంది. చట్టం జాబితాకెక్కించిన మందులను ఆ ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇవ్వాలి. ఆయన జ్వరంతో పడుకున్నా, బంధువుల పెళ్లికి వెళ్లినా షాపులో విటమిన్లు, పాలపొడి అమ్ముకోవచ్చు. రక్తపోటు మాత్రలు, యాంటీబయాటిక్స్ మాత్రం ఇవ్వకూడదు. బాధ్యత ఇంతగా ఒక్కరి మీదే పడే వృత్తిలో ఆ ఒక్కరి తరఫున మాట్లాడే సంఘం ఎలా ఉంది, దాని చేతిలో ఏముంది అన్నది రోగులకూ సంబంధించిన ప్రశ్న.

కెడా రాష్ట్రంలో అతి పెద్ద పట్టణమైన సుంగై పెటానిలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువుంది. పట్టణం కేంద్రంగా ఉన్న క్వాలా మూడా జిల్లా జనాభా 2020 జనగణన నాటికే అయిదు లక్షలు దాటింది. సుల్తాన్ అబ్దుల్ హలీం ప్రభుత్వ ఆసుపత్రి ఇక్కడే ఉంది. పొరుగునున్న బెడోంగ్ ప్రాంతంలోని ఎయిమ్‌స్ట్ యూనివర్సిటీ ఫార్మసీ పట్టభద్రులను తయారు చేస్తోంది. మలేసియన్ ఇండియన్ కాంగ్రెస్‌కు చెందిన విద్యాసంస్థ స్థాపించిన ఆ విశ్వవిద్యాలయంలో భారతీయ సంతతి విద్యార్థులు ఎక్కువ. మరోవైపు, గొలుసు ఫార్మసీలు మలేసియాలోని చాలా పట్టణాలకు విస్తరించాయి. సొంత పేరుతో ఒకే షాపు నడుపుకునే ఫార్మసిస్టు వాటి పక్కనే బతకాలి.

ఈ ప్రాంతపు వైద్య చరిత్ర రబ్బరు తోటల్లో మొదలైంది. బ్రిటిష్ కాలంలో కెడా తోటలకు తమిళులతో పాటు ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలూ చేరాయి. తోట కూలీకి మందు ఇచ్చింది ఫార్మసిస్టు కాదు, డాక్టరూ కాదు. తోట ఆసుపత్రిలోని డ్రెస్సరు, అంటే ఆసుపత్రి సహాయకుడు. స్వాతంత్య్రం తరవాత 1965లో తోట ఆసుపత్రి సహాయకుల నమోదు కోసం ప్రత్యేక చట్టం వచ్చిందంటే ఆ వ్యవస్థ ఎంత వేళ్లూనుకుందో అర్థమవుతుంది. తోటలు ముక్కలై, ఆయిల్ పామ్‌గా, ఇళ్ల స్థలాలుగా మారాక ఆ కుటుంబాలు పట్టణాలకు చేరాయి. డ్రెస్సరు చేతి మందుకు అలవాటుపడ్డ తరం ప్రభుత్వ క్లినిక్ వరసలో, ప్రైవేటు డాక్టరు గదిలో, ఫార్మసీ కౌంటరు ముందు నిలబడింది. మందు ఇచ్చే మనిషే జబ్బు గురించి నాలుగు మాటలు చెప్పాలన్న ఆశ ఆ తరంతో పాటే పట్టణానికి వచ్చింది.

ఫార్మసిస్టుల తరఫున మాట్లాడే సంస్థల గురించి చెప్పుకునే ముందు ఒక తేడా గుర్తించాలి. 1951 నాటి ఫార్మసిస్టుల నమోదు చట్టం కింద ఏర్పడిన ఫార్మసీ బోర్డు ప్రభుత్వ యంత్రాంగం. ఆరోగ్య శాఖ డైరెక్టర్ జనరల్ దానికి అధ్యక్షుడు. పేరు నమోదు చేయడం, తప్పు చేస్తే తొలగించడం దాని పని. అది ప్రజల తరఫున ఫార్మసిస్టు మీద ఉంచిన కాపలా. వృత్తి తరఫున మాట్లాడేది 1967లో పుట్టిన మలేసియన్ ఫార్మసిస్ట్స్ సొసైటీ. ఆసుపత్రిలో, పరిశ్రమలో, కళాశాలలో, షాపులో పనిచేసే ఫార్మసిస్టులెవరైనా అందులో చేరవచ్చు. షాపుల యజమానుల ప్రత్యేక ప్రయోజనాలకు మలేసియన్ కమ్యూనిటీ ఫార్మసీ గిల్డ్ అనే మరో సంస్థ ఉంది. సుంగై పెటాని షాపుదారు సమస్య ఈ సంస్థల ద్వారానే పుత్రజయలోని ఆరోగ్య మంత్రిత్వశాఖకు చేరాలి. జిల్లా లేదా పట్టణ స్థాయి ఫార్మసీ కమిటీకి చట్టంలో స్థానం లేదు.

అలాంటి స్థానం ఉన్న దేశం ఇంగ్లండ్. అక్కడి స్థానిక ఫార్మసీ కమిటీల మూలాలు 1911 జాతీయ బీమా చట్టం నాటి ఏర్పాట్లలో ఉన్నాయి. ఇప్పుడు 2006 జాతీయ ఆరోగ్య సేవల చట్టం వాటిని పేరెత్తి గుర్తిస్తుంది. ఒక ప్రాంతంలో ఎన్ని ఫార్మసీలు కావాలి, ఏ సేవలు చాలడం లేదు అని స్థానిక ఆరోగ్య మండలి అంచనా వేసినప్పుడు కమిటీని సంప్రదించి తీరాలి. కమిటీ ఖర్చుకు ప్రతి ఫార్మసీ చెల్లించే చందాను ప్రభుత్వం ఇచ్చే బిల్లుల్లోంచే మినహాయిస్తారు. కమిటీలో సొంత షాపులవారికీ గొలుసు సంస్థలకూ సీట్లుంటాయి. 2024 జనవరి 31న ‘ఫార్మసీ ఫస్ట్’ పథకం మొదలై ఏడు చిన్న జబ్బులకు డాక్టరు దగ్గరికి వెళ్లకుండానే ఫార్మసీలో చికిత్స అందే వీలు కలిగినప్పుడు, ఊరూరా డాక్టర్లతో మాట్లాడి దాన్ని నిలబెట్టే పనిలో ఈ కమిటీలు ముందున్నాయి.

ఆ నమూనాను కెడాకు ఉన్నదున్నట్టు తేవడం కుదరదు. ఇంగ్లండ్‌లో ఫార్మసీకి ప్రధాన ఆదాయం ప్రభుత్వం చెల్లించే మందు చీటీల నుంచి వస్తుంది. కాబట్టి ప్రభుత్వంతో బేరమాడే కమిటీ అవసరం ప్రభుత్వానికే ఉంటుంది. మలేసియాలో ప్రభుత్వ క్లినిక్‌కు వెళ్లిన పౌరుడు ఒక రింగిట్ రుసుము కడితే సంప్రదింపు, మందు రెండూ దొరుకుతాయి. ఆ మందు ప్రభుత్వ ఫార్మసీ నుంచే వస్తుంది. ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళితే మందు ఆ క్లినిక్‌లోనే చేతికందుతుంది. పాయిజన్స్ చట్టం 19వ సెక్షన్ డాక్టరుకు తన రోగికి మందు అమ్మే హక్కు ఇచ్చింది. ఈ రెండు దారుల మధ్య షాపు ఫార్మసీకి చీటీ అరుదుగా వస్తుంది. రోజు గడిచేది సొంతంగా కొనుక్కునేవారి మీదే.

మలేసియా ఫార్మసిస్టుల సంఘ జీవితంలో బాగా పాత డిమాండు ఒకటి పుట్టింది ఇక్కడే. మందు రాసేవారు ఒకరు, ఇచ్చేవారు మరొకరు కావాలని సొసైటీ దశాబ్దాలుగా అడుగుతోంది. రాసిన చీటీని రెండో జత కళ్లు చూస్తే మోతాదు తప్పులు, ఒకదానికొకటి పడని మందులు బయటపడతాయన్నది దాని వాదన. ఈ వాదన బలమైనదే. డాక్టర్ల మాటలోనూ నిజం ఉంది. క్లినిక్ సంప్రదింపు రుసుమును 2006 నియమావళి 10 నుంచి 35 రింగిట్ల మధ్య కట్టేసింది. 2025 నాటికీ అది మారలేదు. మందుల మీద వచ్చేది తీసేస్తే చిన్న క్లినిక్ నిలవదు. పైగా పసిబిడ్డను ఎత్తుకుని వచ్చిన తల్లిని రాత్రి తొమ్మిదింటికి మరో షాపుకు పంపడం రోగికి మేలు కాదని వారంటారు. జాతీయ స్థాయిలో ఈ చర్చ ఏళ్ల తరబడి ఒకే చోట ఆగిపోయింది. పట్టణ స్థాయిలో ఆగిపోనక్కర్లేదు. ఏ వీధిలో ఏ ఫార్మసీ ఎంతవరకు తెరిచి ఉంటుంది, ఏ క్లినిక్‌లో ఏ మందు నిలవ లేదు అన్న వివరాలు ఇరువైపులా పంచుకుంటే దీర్ఘరోగుల చీటీల్లో కొన్నయినా షాపుకు వస్తాయి. సుంగై పెటాని పరిమాణంలో ఉన్న పట్టణంలో డాక్టర్లూ ఫార్మసిస్టులూ ఒకరికొకరు తెలిసినవారే కనుక ఇది సాధ్యం. పుత్రజయ నుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగాల్సిన పని కాదు.

ధర గురించి మాట్లాడేటప్పుడు తెలుగు పాఠకులు ఒక సంగతి గమనించాలి. భారతదేశంలో ప్రతి మాత్రల పట్టీ మీదా గరిష్ఠ చిల్లర ధర ముద్రిస్తారు. నియంత్రిత మందుల మీద చిల్లర వ్యాపారికి 16 శాతం మార్జిన్‌ను 2013 ధరల ఉత్తర్వు నిర్ణయించింది. కాబట్టి విజయవాడలోనో వరంగల్‌లోనో మందుల షాపుల సంఘం పోరాడేది మార్జిన్ కోసం, ఆన్‌లైన్ అమ్మకాల మీద. 2018 సెప్టెంబరు 28న దేశమంతటా షాపులు మూసింది ఆన్‌లైన్ మీద నిరసనగానే. మలేసియాలో ప్రైవేటు రంగంలో మందు ధరకు ప్రభుత్వం విధించిన హద్దు లేదు. ఒకే మాత్ర రెండు షాపుల్లో రెండు ధరలు. టోకున కొనే గొలుసు సంస్థకు వచ్చే తగ్గింపు చిన్న షాపుకు రాదు. పక్క షాపు బోర్డు మీద కనిపించే అమ్మకపు ధర కొన్నిసార్లు తన కొనుగోలు ధరకన్నా తక్కువగా ఉంటుందని చిన్న ఫార్మసిస్టులు ఎన్నాళ్లుగానో వాపోతున్నారు.

ఈ బాధలోంచి సంఘానికి సులువుగా తోచే మందు ఒకటుంది: అందరం కూర్చుని కనీస ధర పెట్టుకుందాం. చట్టం దానికి ఒప్పుకోదు. 2012 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న మలేసియా కాంపిటీషన్ చట్టం ధరల ఒప్పందాలను నిషేధించింది. ఆ చట్టం కింద వెలువడిన తొలి నిర్ణయం ఒక స్థానిక సంఘం మీదే. పూల ధరను 10 శాతం పెంచుతున్నట్టు ప్రకటించిన కామెరాన్ హైలాండ్స్ పూల రైతుల సంఘం తప్పు చేసిందని 2012 డిసెంబరులో మలేసియా కాంపిటీషన్ కమిషన్ తేల్చింది. భారతదేశంలోనూ ఇదే పాఠం వేరే రూపంలో వచ్చింది. సంఘం నిరభ్యంతర పత్రం ఇస్తేనే మందుల కంపెనీలు కొత్త పంపిణీదారును పెట్టుకోవాలన్న ఆనవాయితీని అక్కడి కాంపిటీషన్ కమిషన్ 2013 ఫిబ్రవరిలో తప్పుపట్టి, అఖిల భారత కెమిస్ట్స్ అండ్ డ్రగ్గిస్ట్స్ సంస్థకు జరిమానా వేసింది. పోటీదారును అడ్డుకునే కమిటీని రోగి నమ్మడు. సుంగై పెటాని ఫార్మసిస్టులు సొంతంగా ఒక పట్టణ కమిటీ పెట్టుకుంటే, అది ధర జోలికి పోకుండా ఉండటమే దానికీ పట్టణానికీ క్షేమం. టోకు తగ్గింపుల్లో వివక్ష ఉందనుకుంటే ఆధారాలు కూర్చి మలేసియా కమిషన్ ముందు పెట్టడం మాత్రం దాని హక్కు, కర్తవ్యం.

2025 మే 1 నుంచి క్లినిక్‌లూ ఫార్మసీలూ మందుల ధరలు కనబడేలా ప్రదర్శించాలన్న ఉత్తర్వు అమల్లోకి వచ్చింది. డాక్టర్లు మే 6న పుత్రజయలో నిరసన తెలిపారు. ధరల చీటీలు అలవాటైన ఫార్మసీలకు ఉత్తర్వు అంత భారం కాలేదు. అయితే వందల రకాల మందులున్న చిన్న షాపులో ఒక్కరే ఫార్మసిస్టు, ఒకరిద్దరు సహాయకులు ఉన్నప్పుడు, ఏ రూపంలో ప్రదర్శిస్తే చెల్లుతుందన్న సందేహాన్ని ఒకేసారి అడిగి అందరికీ ఒకే జవాబు తెప్పించడం కమిటీ చేయగల పని. ప్రాతినిధ్యంలో చాలా భాగం ఇలాంటి చిన్న పనులే.

మందులను వెనక్కి రప్పించాల్సి వచ్చినప్పుడు ఈ చిన్న పనుల విలువ తెలుస్తుంది. 2018 జులైలో వాల్సార్టాన్ అనే రక్తపోటు మందులో క్యాన్సర్ కారకం కావచ్చన్న మలినం బయటపడి మలేసియా నియంత్రణ సంస్థ కొన్ని బ్రాండ్లను వెనక్కి రప్పించింది. ఏ బ్రాండు, ఏ బ్యాచి, బదులు ఏది ఇవ్వాలి, మందు ఒక్కసారిగా మానేయవద్దని రోగికి ఎలా చెప్పాలి అన్నవి ఆ పూటే తేలాలి. 2022 మధ్యలో పారాసిటమాల్, జలుబు మందులకు దేశవ్యాప్తంగా కొరత వచ్చింది. ఏ షాపులో ఎంత నిలవ ఉందో పట్టణమంతా తెలిసే ఏర్పాటు ఉంటే జ్వరంతో ఉన్న బిడ్డ తండ్రి ఆరు షాపులు తిరగనక్కర్లేదు. అంతకుముందు 2021 సెప్టెంబరులో కొవిడ్ స్వీయపరీక్ష కిట్ల ధరకు ప్రభుత్వం 19.90 రింగిట్ల పరిమితి పెట్టింది. పాత ధరకు కొన్న సరుకుతో మిగిలిన షాపు గోడు వినిపించడానికి సంఘం కావాలి.

సెలవు సంగతి ఇంకా సూటిగా తగులుతుంది. ఒకే ఫార్మసిస్టున్న షాపుకు ఆ మనిషి బదులు వచ్చే లోకమ్ ఫార్మసిస్టు దొరకాలి. నమ్మదగినవారి జాబితా కమిటీ దగ్గరుంటే షాపు మూతపడదు. పట్టభద్రులకు ఏడాది పాటు తప్పనిసరైన శిక్షణ ఇప్పుడు షాపు ఫార్మసీలోనూ చేయవచ్చు. ఎయిమ్‌స్ట్ నుంచి వచ్చే యువతకు అలాంటి షాపులను చూపించడం, వార్షిక నవీకరణకు కావలసిన నిరంతర విద్య పాయింట్ల కోసం పట్టణంలోనే తరగతులు పెట్టడం కూడా ఈ కోవలోవే.

గొలుసు సంస్థలను కమిటీలో చేర్చుకోవాలా అన్నది ఎక్కడైనా తలెత్తే చిక్కు. యజమాని ప్రయోజనం వేరు, అదే సంస్థలో జీతానికి పనిచేసే ఫార్మసిస్టు ప్రయోజనం వేరు. కాని లైసెన్సు ఆ ఉద్యోగి పేరు మీదే ఉంది. తప్పు జరిగితే బోర్డు ముందు నిలబడేదీ ఆయనే. అందువల్ల గొలుసు షాపు ఫార్మసిస్టును బయట ఉంచిన కమిటీ పట్టణంలోని ఎన్నో కౌంటర్ల తరఫున మాట్లాడజాలదు. షాపు యజమానులకు గిల్డ్ ఉంది. స్థానిక కమిటీ ఫార్మసిస్టులది కావడం మేలు.

కమిటీ రోగుల దిక్కూ చూడాలి. 2023 జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం మలేసియా పెద్దవారిలో 15.6 శాతం మందికి మధుమేహం, 29.2 శాతం మందికి అధిక రక్తపోటు ఉన్నాయి. మందు పెట్టె మీద ‘ఉబాత్ తెర్‌కావల్’ అని, అంటే నియంత్రిత ఔషధమని మలయ్‌లో ఉంటుంది. తోటల నుంచి వచ్చిన వృద్ధులకు మలయ్ మాట్లాడటం వచ్చినా చదవడం అందరికీ రాదు. భోజనానికి ముందా తరవాతా, రోజుకు ఎన్నిసార్లు అన్న నాలుగు సూచనలను తమిళంలో, చైనీస్‌లో, అవసరమున్న చోట తెలుగులో అచ్చువేసి అన్ని షాపులకూ పంచడం ఒంటరి షాపుకు భారం, కమిటీకి తేలిక. 1955లో మలయా ఆంధ్ర సంఘంగా మొదలైన తెలుగు సంఘం, గుళ్లు, తమిళ పాఠశాలలు ఇందుకు చేయి కలపగలవు. రక్తపోటు, చక్కెర పరీక్షల శిబిరాలకూ జనం నమ్మి వచ్చే చోట్లు అవే.

చట్టబద్ధ హోదా లేని కమిటీకి చందా బలవంతంగా వసూలు చేసే వీలు లేదు. 1966 సొసైటీల చట్టం కింద నమోదైన మాతృసంస్థకు శాఖగా ఉండి, సభ్యులు ఇచ్చిన దానితోనే నడవాలి. సాయంత్రం షాపు కట్టేశాక కూర్చునేవారి ఓపికే దాని మూలధనం. మంత్రిత్వశాఖ చేయగలిగింది ఒకటుంది. కొత్త ఉత్తర్వుల ముసాయిదాపై జాతీయ సంస్థలను అడిగేటప్పుడు జిల్లా నివేదికలనూ జతచేయమనడం. క్వాలా మూడా జిల్లాలో రాత్రి పది తరవాత తెరిచి ఉండే ఫార్మసీలు ఎన్ని, ఏ తామాన్‌కు (నివాస కాలనీకి) దగ్గరలో ఒక్కటీ లేదు, ఏ మందు నెలలో ఎన్నిసార్లు దొరకలేదు అన్న లెక్కలు కౌంటరు దగ్గర ఉన్నవారి చేతిలోనే ఉన్నాయి. ఆ లెక్కలను అడిగే నియమం ఇంకా రాయలేదు.