కిలో రేటు చెప్పని సంగతి

ఏటా కొనుగోళ్ల ఖర్చు తిరగేసేటప్పుడు మన కంపెనీలు ఎవరికెంత చెల్లించాం, కిలోకు ఎంత తగ్గించుకున్నాం అనే చూస్తాయి. మందుల పరిశ్రమలో ఈ లెక్క అసలు ప్రమాదాన్ని కప్పేస్తుంది. పారాసిటమాల్ మాత్రలు చేసే కంపెనీ జీడిమెట్లలో ఒకరి దగ్గర, పాశమైలారంలో ఒకరి దగ్గర, పరవాడలో ఇంకొకరి దగ్గర బల్క్ డ్రగ్ (ముడిమందు) కొంటోందనుకుందాం. ఖాతాలో ముగ్గురు సరఫరాదారులు. ఒకరు చెయ్యిచ్చినా ఇద్దరున్నారన్న ధీమా. ఆ ముగ్గురూ దాని తయారీకి కావలసిన పారా అమినోఫినాల్‌ను చైనా నుంచే తెప్పించుకుంటుంటే మాత్రం ఉన్నది ఒక్కటే దారి. ఆ సంగతి పర్చేజ్ ఆర్డరులో ఎక్కడా ఉండదు. 2020లో కొవిడ్‌తో చైనాలోని వూహాన్ మూతపడ్డాక అది బయటపడింది. మార్చి 3న కేంద్రం పారాసిటమాల్ సహా 26 రకాల ముడిమందులు, మందుల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. ప్రపంచానికి మందులమ్మే దేశం ముందు తనకు సరిపోతాయా అని చూసుకోవాల్సి వచ్చింది.

చౌకగా దొరికినచోట కొనకపోతే టెండరులో నిలవలేం, సరుకు నిల్వ పెడితే బ్యాంకు వడ్డీ మీద పడుతుంది అని చిన్న యూనిట్లవాళ్లు అంటారు. అందులో నిజముంది. పైసల తేడాతో టెండరు చేజారే వ్యాపారమిది. అయితే అన్నిటికీ రెండో దారి వెతకమని ఎవరూ అనడం లేదు. ఈ సరుకు రాకపోతే ఏ లైను ఆగుతుంది, మళ్లీ రావడానికి ఎన్ని వారాలు పడుతుంది అని వరుసగా అడుగుతూ పోతే జాబితా చిన్నదే తేలుతుంది. మొత్తం ఖర్చులో నూటికొక వంతు కూడా లేని ఉత్ప్రేరకం అందులో పైన ఉండవచ్చు, లక్షలు పోసి కొనే అట్టపెట్టెలు అసలే ఉండకపోవచ్చు. పైగా మందుల్లో ముడిసరుకు మార్చడమంటే దుకాణం మార్చినట్టు కాదు. కొత్త సరుకుతో ట్రయల్ బ్యాచ్‌లు తీయాలి, స్టెబిలిటీ పరీక్షలు చేయాలి, నియంత్రణ సంస్థ అనుమతి తెచ్చుకోవాలి. నెలలు పడుతుంది. కొరత వచ్చాక మొదలుపెడితే ఆ నెలలు ఎవరిస్తారు?

ఇది ప్రభుత్వం చూసుకోవాల్సిన పని అనేవారూ ఉన్నారు. 2020లో కేంద్రం 41 ముడిమందుల కోసం 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం తెచ్చింది. చౌక చైనా సరుకు ధాటికి మన దేశంలో ఆగిపోయిన పెన్సిలిన్-జి తయారీ 2024లో కాకినాడ దగ్గర మళ్లీ మొదలైంది. అమోక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు మూలం అదే. కానీ ప్రోత్సాహకం కొన్నేళ్లే, ఆ తర్వాత కర్మాగారాన్ని నిలబెట్టేది ఆర్డర్లే. చైనా రేటు తగ్గించిన మర్నాడే అందరూ అటు పరుగెత్తితే ఈ పెట్టుబడి బూడిదలో పోసినట్టే. అవసరంలో కొంత భాగానికైనా కంపెనీలు ఇక్కడివారితో దీర్ఘకాల ఒప్పందం చేసుకోవాలి. ఆసుపత్రులకు మందులు కొనే ప్రభుత్వ సంస్థలు కూడా టెండరు పత్రంలో రేటు పక్కన, ముడిసరుకు ఏ దేశంలో తయారైందో రాయమని ఒక గడి చేర్చాలి. రెండో దారి చూపినవారికి ధరలో కొద్దిపాటి వెసులుబాటు ఇవ్వాలి.