వెనక వరుసకు మిగులు నారు

ఫుట్‌బాల్‌లో గోలు కొట్టినవాడికే దండలు. వెనక కాపు కాసే బ్యాక్‌లను ఎవరు లెక్కపెడతారు?

లివర్‌పూల్ జట్టు 2019–20లో 99 పాయింట్లతో ఇంగ్లండు లీగ్ గెలిచింది. 2020 జూలైలో డిఫెండర్ లోవ్రెన్‌ను అమ్మేసి, బదులు సెంటర్‌బ్యాక్‌ను కొనకుండానే కొత్త సీజన్‌లోకి దిగింది. అక్టోబరులో వాన్ డైక్, నవంబరులో గోమెజ్, జనవరిలో మాటిప్ గాయపడి సీజనంతా దూరమయ్యారు. మిడ్‌ఫీల్డర్లను వెనక్కి లాగి సర్దితే మధ్యలో కంత పడింది. సొంత మైదానంలో 68 లీగ్ మ్యాచ్‌లు ఓటమెరుగని జట్టు, 2021 జనవరి–మార్చిలో అక్కడే వరుసగా ఆరు ఓడింది.

దురదృష్టమంటారు. నేనొప్పుకోను. మాది వ్యవసాయం. చచ్చిన మొక్కల చోట నాటడానికి నారుమడిలో కాస్త నారు మిగుల్చుకుంటాం.

యూనియన్ మిత్రులారా! మన జట్టులోనూ ఇద్దరు అదనపు బ్యాక్‌లను రోజూ ప్రాక్టీసులో ఆడించండి. దెబ్బ తగిలాక వెతికితే దొరికేది మనిషేగాని, డిఫెండరు కాదు.