మూడో రోజు మహిమ

కాన్పయిన మూడో రోజు దిష్టి తీశారు, సాయంత్రానికి పాలు పడ్డాయి. ఈ మాట వినని తెలుగిళ్లు తక్కువ. కోస్తాలో ఆ ఘనత పాలసొర పులుసుకు దక్కుతుంది, మరోచోట వెల్లుల్లి కారానికో, మెడలో కట్టిన దారానికో. ఇవేవీ లేకపోయినా చాలామంది తల్లులకు రెండు నుంచి నాలుగు రోజుల్లో పాలు పొంగుతాయి. మాయ పడ్డాక రక్తంలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ తగ్గిపోతుంది, పాల ఉత్పత్తి ఊపందుకునేది అప్పుడే. మన తంతులు సరిగ్గా ఆ రోజులకే ముహూర్తం పెట్టుకున్నాయి, ఇక ఓడిపోయేదెక్కడ?

నష్టం లేకపోతే ఊరుకోవచ్చు. కానీ "ఇంకా పాలు పడలేదు" అనే ఆ రెండు రోజులూ బిడ్డ నోట్లో తేనె, పంచదార నీళ్లు, ఆముదం చుక్క, చివరికి డబ్బా పాలు. ముర్రుపాలు పిండి పారబోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పసిగుడ్డు పొట్టకు ఆ కాసినే చాలు, రోగాలను ఆపే యాంటీబాడీలు వాటిలోనే దండిగా ఉంటాయి. ఏడాది నిండని బిడ్డకు తేనె పడితే బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. సీసాతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము సరిగా చీకదు. చీకడం తగ్గితే పాలూ తగ్గుతాయి. అప్పుడు అత్తగారు "నే చెప్పలా, దీనికి పాలు లేవని!" అంటుంది. భయం, నొప్పి, అలసట పాలను జార్చే ఆక్సిటోసిన్ హార్మోన్‌ను అడ్డుకుంటాయి, ఉన్న పాలు కూడా జారవు. ఆ ఒక్క మాట చాలు అందుకు.

ఆసుపత్రికి వెళ్తే ఇవన్నీ పోతాయనుకున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే. మొదటి గంటలో రొమ్ము అందిన పిల్లలు మాత్రం 41.8 శాతం. అదే సర్వేలో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. కోత నొప్పితో పక్కకు తిరగలేని తల్లికి బిడ్డను పట్టి అందించే మనిషి కావాలి. దారం కట్టడానికి వచ్చినవాళ్లలో ఆ పని తెలిసినవాళ్లు ఎందరు?

హర్యానా పల్లెల్లో చేసిన ప్రయోగమొకటి 2003లో లాన్సెట్‌లో అచ్చయింది. కొన్ని ఊళ్లలో అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు, మంత్రసానులకు శిక్షణ ఇచ్చి, తల్లిపాలు మాత్రమే పట్టడం గురించి తల్లులతో మాట్లాడించారు. మూడో నెలలో తల్లిపాలు మాత్రమే తాగే పిల్లలు ఆ ఊళ్లలో 79 శాతం, మిగతా ఊళ్లలో 48. పిల్లల విరేచనాలూ తగ్గాయి. దిష్టి కళ్లు రెండు రకాల ఊళ్లలోనూ ఉన్నాయి మరి!

పుట్టింటి పురుడులో మంచి లేదనను. వేళకు అన్నం, నిద్ర, ఇంటిపని నుంచి విడుపు, ఇవి నిజమైన ఆసరా. వాటిని ఉంచుకుందాం. పథ్యం పేరుతో నీళ్లు, కూరలు మాన్పించడం వదిలేద్దాం. బిడ్డ పుట్టిన గంటలోపు రొమ్ముకు అందించండి, ఆరు నెలలు నీళ్లు కూడా పట్టకండి. కొందరికి నిజంగానే పాలు చాలవు. బిడ్డ బరువు పెరగకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి, తల్లిని దోషిని చేయకండి.