పిల్లికి పాలబువ్వ చాలదు



ఎలుకల బాధ పడలేక పిల్లిని తెచ్చుకుంటాం. నాలుగు నెలల్లో అది ఇంటి బిడ్డ అయిపోతుంది. ఇంత బువ్వలో ఇన్ని పాలు పోసి పెడతాం. మా ఇంట్లోనూ ఏళ్ల తరబడి అదే. ఓ రోజు మా పిల్లి నడుస్తూ పోయి పీటకు గుద్దుకుంది. చూపు తగ్గింది. పశువుల డాక్టరు చూసి, "ఏం పెడుతున్నారమ్మా?" అని మొదట అదే అడిగాడు.

పిల్లికి టారిన్ అనే పదార్థం కావాలి. మన ఒంట్లో అది తయారవుతుంది, పిల్లి ఒంట్లో చాలినంత కాదు. మాంసం, చేపల్లో దొరుకుతుంది; బియ్యం, పప్పుల్లో లేదు. తక్కువైతే కళ్లు, గుండె దెబ్బతింటాయి. టారిన్ ఇస్తే గుండె తేరుకుంటుందని 1987లో అమెరికాలో తేల్చారు. పోయిన చూపు మాత్రం తిరిగి రాదు.

ప్యాకెట్ మేత మన జీతాలకు బరువే. కోడి గుండెకాయలు, తొడ మాంసం కొంచెం తెచ్చి ఉత్తగా ఉడకబెట్టండి. ఉడికిన నీళ్లు పారబోయకండి, టారిన్ అందులోకీ దిగుతుంది. మిగిలిన కూర పెట్టొద్దు: ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని చెరుపుతాయి. ఉడికిన ఎముకలు గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. కార్జం రోజూ వద్దు. ఒట్టి మాంసంలో సున్నం చాలదు కాబట్టి, చేతనైనంత ప్యాకెట్ మేత కూడా కలపండి. కూనలకు, చూలు పిల్లికి ఏం పెట్టాలో డాక్టరును అడగండి.

మా పిల్లి ఇప్పుడు గిన్నె చప్పుడు విని వస్తుంది. మీ పిల్లి చూసుకుంటూ రావాలంటే ఇవాళే గిన్నెలో మెతుకులు తగ్గించండి.