మందు లేని జబ్బుకు పరీక్షలెందుకు?

"మందే లేనప్పుడు ఆ జబ్బేదో తెలుసుకుని ఏం లాభం?" పెద్దలు ఇలా అనడం మీరూ వినే ఉంటారు. క్రాయిట్జ్‌ఫెల్ట్-జాకబ్ అనే మెదడు జబ్బు విషయంలో ఈ మాట సబబుగానే తోస్తుంది. 1920, 1921లలో ఇద్దరు జర్మన్ వైద్యులు వర్ణించిన ఈ జబ్బుకు నేటికీ మందు లేదు. మతి తప్పుతుంది, నడక తూలుతుంది, ఒళ్ళు ఉలిక్కిపడుతుంది. చాలామంది ఏడాది తిరగకముందే మరణిస్తారు. అయినా దాని పేరు తేల్చి తీరాలన్నదే నా అభిప్రాయం.

మన మెదడు కణాలలో ప్రియాన్ అనే మాంసకృత్తు సహజంగానే ఉంటుంది. ఎప్పుడైనా దాని మడత మారితే, అది పక్కనున్న మంచివాటిని కూడా తనలాగే మార్చేస్తుంది. చెంచాడు తోడు గిన్నెడు పాలను పెరుగు చేయదూ? అలాగన్నమాట! ఒకటే తేడా. తోడులో సూక్ష్మజీవులుంటాయి, ఇందులో ప్రాణమే లేదు. ప్రాణం లేనిది జబ్బు తెస్తుందంటే చాలామంది శాస్త్రజ్ఞులే నమ్మలేదు. 1982లో ప్రియాన్ అని పేరు పెట్టిన స్టాన్లీ ప్రూసినర్‌కు 1997లో నోబెల్ బహుమతి లభించింది.

నేటి పరీక్ష కూడా తోడు సూత్రమే. వెన్ను నుండి కాస్త మస్తిష్కమేరు ద్రవం తీసి, ప్రయోగశాలలో తయారుచేసిన మంచి మాంసకృత్తులో కలిపి, గంటల తరబడి కుదుపుతారు. చెడ్డది రవ్వంత ఉన్నా మిగిలినదంతా 'తోడుకుంటుంది'. అందులో వేసిన రంగుపదార్థం మెరుస్తుంది. తిరుగులేని రుజువుకు ఇప్పటికీ మెదడు ముక్కను సూక్ష్మదర్శిని కింద చూడవలసిందే. కాని రోగి బతికుండగానే దాదాపుగా తేల్చవచ్చు.

ఇదే వేషంతో వచ్చే వేరే జబ్బులున్నాయి. శరీర రక్షణ వ్యవస్థే మెదడుపై దాడి చేసే ఒకరకం మెదడువాపు అలాంటిది. దానికి మందులున్నాయి! పరీక్షించకుండా "ఇక లాభం లేదు" అని ఇంటికి పంపితే ఏమవుతుందో మీరే చెప్పండి.

ఇంకొక సంగతి. జ్యూరిచ్‌లో ఈ జబ్బున్న ఒకామె మెదడులో పెట్టిన లోహపు ఎలక్ట్రోడులను ఆల్కహాలుతో కడిగి, ఫార్మాల్డిహైడ్ ఆవిరి పట్టించి, మూర్ఛ ఉన్న ఇద్దరు యువరోగులకు వాడారు. మన ప్రయోగశాలలో కప్పలను నిలవ ఉంచే ఫార్మలిన్ ఉందే, ఆ పదార్థమే. ఇద్దరికీ ఈ జబ్బే వచ్చింది! 1977లో ఈ విషయం ప్రకటించారు. తాకితేనో, పక్కన కూర్చుంటేనో అంటని జబ్బు ఇలా పాకింది. రోగమేదో ముందే తెలిస్తే ఆ పనిముట్లను పారవేసేవారు.

ఏటా పది లక్షల మందిలో ఒకరిద్దరికి వస్తుందని అంతర్జాతీయ అంచనా. మూడున్నర కోట్ల తెలంగాణకు లెక్క కట్టి చూడండి. కాని 1971-90 మధ్య దేశం మొత్తం మీద బెంగుళూరులోని నిమ్హాన్స్ పట్టికకు ఎక్కినవి కొద్ది పదులే. మిగిలినవారు ఏమైనట్లు? కొందరిని ముసలితనం ఖాతాలో వేసి ఉంటారు. మన పల్లెల్లోనైతే బాణామతి అంటారు, దిక్కులేని ఏ ముసలమ్మ మీదనో నింద వేస్తారు.

బెల్లంపల్లి నుండి హైదరాబాదు సుమారు 250 కిలోమీటర్లు. తూలిపోతున్న మనిషిని రైలెక్కించి, ఉన్న ఎకరం అమ్మి, ఆసుపత్రి తరువాత ఆసుపత్రి తిప్పడం దేనికి? వెన్ను నుండి ద్రవం తీయడం జిల్లా ఆసుపత్రిలోనే సాధ్యం. రోగికి బదులు ఆ చిన్న సీసా ప్రయాణం చేయాలి. దాని ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలి.